వాల్టర్ మాస్టారు విలనేనా?

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. మా ఆయన ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేస్తున్నాడు. పాప నిద్రపోయాక ఇద్దరం కూర్చుని ‘బ్రేకింగ్ బ్యాడ్’ అనే అమెరికా సీరియల్ మొత్తం చూశాం. చూసినన్నాళ్లూ బాగానే ఉంది, అయిపోయాక గొడవ మొదలైంది. అందులో మాస్టారు వాల్టర్ వైట్ విలన్ కాదు, పరిస్థితులు అట్లా చేశాయి, చేసిందంతా పెళ్లాంబిడ్డల కోసమే అంటాడు ఈయన. అసలు విలన్ భార్య స్కైలర్ అంట, మొగుణ్ని ప్రశాంతంగా బతకనీయలేదంట! తన శిష్యుడు జెస్సీ ప్రియురాలు జేన్ కళ్లముందు చచ్చిపోతుంటే చూస్తూ నిలబడ్డాడే, అప్పుడే వాడు విలన్ అయిపోయాడని నేనంటాను. ఇంకో సంగతి. ఆరునెలల కిందట మా ఆడబిడ్డ పెళ్లికని, మా పుట్టింటివాళ్లు పెట్టిన నగలను నాకు చెప్పకుండా బ్యాంకులో కుదువ పెట్టాడు. ఆయన ఫోన్‌కు వడ్డీ మెసేజ్ వస్తే నాకు తెలిసింది. అడిగితే ‘నువ్వు టెన్షన్ పడతావని చెప్పలేదు, ఇంటి కోసమే కదా’ అన్నాడు. ఇప్పుడు వాల్టర్ గురించి కూడా అదే మాట అంటుంటే భయమేస్తోంది. సీరియల్ మీద ఇంత యవ్వారమేందని మా అత్త నవ్వుతోంది. వాల్టర్ నిజంగా విలనేనా? నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

జవాబు: చెల్లీ, అక్కా అని పిలిచావు కాబట్టి ‘మీరు’ పక్కనబెట్టి నువ్వు అనే అంటున్నా.

అడిగినదానికి ముందే చెప్పేస్తా. వాల్టర్ వైట్ విలనే. అయితే మొదటి ఎపిసోడ్‌లో కాదు, నువ్వన్నట్టు జేన్ చావు దగ్గరా కాదు. ఆ రెండింటి మధ్యలో ఒకచోట అయ్యాడు. ఎక్కడో చూపిస్తా, మీ ఆయనకూ చూపించు. ఆయన మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని నువ్వు ఒప్పుకోకపోతే మిగతా సగాన్ని ఆయన వదులుకోడు.

సీరియల్ చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తా. అమెరికాలో ఏఎంసీ చానల్‌లో 2008 నుంచి 2013 దాకా ఐదు సీజన్లు, 62 ఎపిసోడ్లు వచ్చింది. న్యూమెక్సికో రాష్ట్రంలో ఆల్బకర్కీ అనే ఊళ్లో వాల్టర్ వైట్ హైస్కూల్ కెమిస్ట్రీ మాస్టారు. యాభై ఏళ్లొచ్చాయి. భార్య కడుపుతో ఉంది, కొడుక్కి సెరిబ్రల్ పాల్సీ అనే నరాల, కండరాల లోపం. ఉన్నట్టుండి ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడుతుంది. అప్పటికే ఆపరేషన్‌కు కుదరని దశ. నేను పోతే ఇల్లు ఏమైపోతుందని, ఒకప్పుడు తన దగ్గర చదివిన జెస్సీ అనే కుర్రాణ్ని పట్టుకుని మెత్ అనే మత్తుమందు తయారు చేసి అమ్మడం మొదలుపెడతాడు. తోడల్లుడు హ్యాంకేమో మత్తుమందుల ముఠాలను పట్టుకునే అధికారి. కథ చివరిదాకా మాట్లాడబోతున్నాను కాబట్టి, చూడాలనుకునేవాళ్లు ఇక్కడ ఆపి చూసి రండి.

ఇప్పుడు మీ ఆయన సగం.

మొదటి ఎపిసోడ్‌లో ఒక సీన్ ఉంది. జీతం చాలక వాల్టర్ సాయంత్రాలు కార్లు కడిగే చోట పనిచేస్తుంటాడు. కౌంటర్‌లో కూర్చునే పని, కానీ ఓనరు బయటికి పంపి కార్లు తుడిపిస్తాడు. ఒకరోజు మోకాళ్ల మీద కూర్చుని టైరు తుడుస్తుంటే ఆ కారు తన క్లాసులో పొద్దున అల్లరి చేసిన పిల్లాడిదని తెలుస్తుంది. ఆ పిల్లాడి పక్కనున్న అమ్మాయి ఫోటో తీసి నవ్వుకుంటుంది. మీ ఆయన ఆ సీన్ చూసేటప్పుడు ఎట్లా ఉన్నాడో నాకు తెలీదు, నువ్వే గుర్తు తెచ్చుకో. మన అనంతపురం, కర్నూలు, కడపల్లో ప్రైవేటు కాలేజీల లెక్చరర్లకు ఈ సీన్ వేరే దేశంలో జరిగినట్టు అనిపించదు. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, మధ్యలో పేపర్లు దిద్దడం, వేసవిలో అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం. ఆయన దగ్గర మోల్ కాన్సెప్ట్ నేర్చుకున్న పిల్లలు నాలుగైదేళ్లకు బెంగళూరు నుంచి కొత్త కారేసుకుని పండక్కి వస్తారు. ‘నమస్తే సార్, ఇంకా అక్కడే ఉన్నారా?’ అంటారు. వాళ్లు మర్యాదగానే అడుగుతారు పాపం. వినే మాస్టారికే ఆ ‘ఇంకా’ గుచ్చుకుంటుంది.

అందుకే మీ ఆయన వెనకేసుకొస్తున్నది మత్తుమందు వ్యాపారిని కాదు, టైరు తుడుస్తున్న మాస్టారిని. ఈ తేడా నువ్వు గుర్తిస్తే నీ భయం సగం తగ్గుతుంది.

పరిస్థితులు అనే వాదన కూడా గాలిది కాదు. అమెరికాలో పెద్ద జబ్బు వస్తే ఇల్లు అమ్ముకునే కుటుంబాలున్నాయి. వాల్టర్‌కు ఇన్సూరెన్స్ ఉంది, కానీ మంచి క్యాన్సర్ డాక్టరు దగ్గరికి పోవాలంటే అది పనికి రాదు. ఆ సీరియల్ మొదలవడానికి ముందు ఏడాది, 2007లో, మన దగ్గర ఆరోగ్యశ్రీ మొదలైంది. మొదట పెట్టిన మూడు జిల్లాల్లో మీ అనంతపురం ఒకటి. కరువు జిల్లాలో ఆస్పత్రి బిల్లు కట్టడానికి అప్పు చేయడమంటే ఏందో మీ ఊరివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి, వ్యవస్థ సరిగా ఉంటే మాస్టారు ఈ దారి పట్టేవాడు కాదు కదా అని మీ ఆయనంటే, ఆ మాటకు విలువుంది.

నాలుగో ఎపిసోడ్ దాకా ఉంది.

ఐదోది మళ్లీ పెట్టుకుని చూడండి. వాల్టర్ పాత స్నేహితుడు ఎలియట్ పుట్టినరోజు పార్టీ. ఒకప్పుడు ఇద్దరూ కలిసి పెట్టిన గ్రే మ్యాటర్ అనే కంపెనీలోంచి వాల్టర్ మధ్యలో తప్పుకున్నాడు. కంపెనీ తర్వాత ఆకాశానికి ఎగిరింది. పార్టీలో ఎలియట్ ఉద్యోగం ఇస్తానంటాడు, మా ఇన్సూరెన్స్ చాలా మంచిదంటాడు. క్యాన్సర్ సంగతి స్కైలర్ చెప్పేసిందని వాల్టర్‌కు అర్థమై మొహం మాడిపోతుంది, వద్దంటాడు. తర్వాత ఎలియట్ భార్య గ్రెచెన్ స్వయంగా ఫోన్ చేసి, ఆ డబ్బు నీదే అనుకో, వైద్యం ఖర్చు మేం పెట్టుకుంటాం అంటుంది. మా ఇన్సూరెన్స్‌వాళ్లు ఒప్పుకున్నారని అబద్ధమాడి ఫోన్ పెట్టేస్తాడు. పెట్టేసి నేరుగా జెస్సీ ఇంటికి పోయి, మళ్లీ మెత్ వండుదామా అని అడుగుతాడు. ఇంటికొచ్చి పెళ్లాంతో మాత్రం ఖర్చంతా ఎలియట్‌వాళ్లే పెట్టుకుంటున్నారని చెప్తాడు.

అంతకు ముందే రెండు ప్రాణాలు తీశాడు కదా అంటావు. తీశాడు. మొదటిది తన ప్రాణం మీదికి వచ్చినప్పుడు. రెండోవాణ్ని నేలమాళిగలో కట్టేసి ఉంచి, రాత్రంతా కూర్చుని, చంపాలా వద్దా అని కాగితం మీద రెండు వరుసలుగా రాసుకుని మథనపడతాడు. వదిలేద్దామనే అనుకుంటాడు. పగిలిన పళ్లెంలో ముక్క ఒకటి తగ్గిందని, వాడు దాన్ని దాచుకుని తనను పొడవబోతున్నాడని తెలిశాక చంపి, క్షమించు క్షమించు అని ఏడుస్తాడు. అక్కడ భయపడిన మనిషి కనిపిస్తాడు. ఆ తర్వాత ఈ పని మానేశాడు కూడా. మానేసినవాడు, వైద్యం ఉచితంగా దొరికే దారి కళ్లముందు ఉండగా, దాన్ని కాదని తన కాళ్లతో తాను వెనక్కి నడిచాడు. ఆ నడకలో పరిస్థితుల పాత్ర లేదు.

మన పల్లెల్లో పద్యనాటకం చూసినవాళ్లకు దీన్ని వివరించడం తేలిక. నాటకం మన సీమలో ఎంత పాతదంటే, సురభి సమాజం 1885లో మా కడప జిల్లా సురభి ఊళ్లోనే పుట్టింది. వాళ్లు మొదట ఆడింది కీచక వధ. కీచకుడి గురించి ఎవరికీ అనుమానం లేదు, చస్తే చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. దుర్యోధనుడి సంగతి వేరు. తిరునాళ్లలో కురుక్షేత్రం ఆడితే జనం దుర్యోధనుడి పద్యానికే వన్స్‌మోర్ కొడతారు. ఎన్టీఆర్ ఆ వేషం కడితే థియేటర్లు ఊగిపోయాయి. ఎందుకు కాదు? కులం అడిగి అవమానించిన సభలో కర్ణుణ్ని పక్కన నిలబెట్టుకుని అంగరాజ్యం ఇచ్చినవాడు. స్నేహమంటే అదీ అనిపిస్తాడు. నేనూ ఆ పద్యాలకు తల ఊపినదాన్నే. కానీ రాయబారం సీను వస్తుంది. రాజ్యంలో భాగం లేకపోతే లేదు, ఐదూళ్లు చాలంటాడు కృష్ణుడు. సూది మొన మోపినంత నేల కూడా ఇవ్వనంటాడు దుర్యోధనుడు. అక్కడిదాకా ఎవరి వైపు ఏ న్యాయం ఉన్నా, ఆ తర్వాత పడిన ప్రతి శవం ఆ ‘ఇవ్వను’ లెక్కలోకే పోతుంది. ఐదో ఎపిసోడ్‌లో గ్రెచెన్ చేసిన ఫోను వాల్టర్‌కు వచ్చిన రాయబారం.

ఎవరైనా విలనా కాదా అని తేల్చుకోవడానికి నేను చూసేది ఇదొక్కటే. బయటపడే దారి దొరికినప్పుడు ఏం చేశాడు? దారే లేనివాడి మీద నాకు జాలి. దారి దొరికీ దాన్ని మూసేసి, నాకు దారి లేదని ఇంట్లోవాళ్లకు చెప్పినవాడి మీద లేదు.

ఇంకా అనుమానముంటే డబ్బు లెక్క చూడండి. కెమిస్ట్రీ చెప్పే మీ ఆయనకు లెక్కలు కొత్తేం కాదు కదా. రెండో సీజన్ మొదట్లో వాల్టర్ ఒక లెక్క కడతాడు. పిల్లల చదువులు, ఇంటి అప్పు, ఇంటి ఖర్చులు అన్నీ కలిపి తన కుటుంబానికి ఏడు లక్షల ముప్పై ఏడు వేల డాలర్లు చాలు. ఈ అంకె ఎవరూ అతని నెత్తిన పెట్టలేదు, తనే కట్టిన లెక్క. ఐదో సీజన్‌కు వచ్చేసరికి ఒక గోడౌన్‌లో నోట్ల కట్టలు మంచమంత ఎత్తు పేర్చి ఉంటాయి. లెక్కపెట్టడం నా వల్ల కాలేదు, ఇంకెంత కావాలి అని స్కైలర్ అడుగుతుంది. చివర్లో హ్యాంక్ ప్రాణం కోసం బేరమాడేటప్పుడు వాల్టర్ చేతిలో ఉన్నది ఎనిమిది కోట్ల డాలర్లు. కుటుంబం కోసం అన్న మాట ఏడు లక్షల ముప్పై ఏడు వేల దగ్గరే చెల్లిపోయింది.

మిగతాది దేనికోసమో కూడా అతనే చెప్పాడు. అదే ఐదో సీజన్‌లో, తలా యాభై లక్షల డాలర్లు తీసుకుని ఈ పని ఆపేద్దామని జెస్సీ బతిమాలతాడు. అప్పుడు వాల్టర్ గ్రే మ్యాటర్ కథ చెప్తాడు. తన వాటాను ఐదు వేల డాలర్లకు అమ్మేశాడంట. ఇప్పుడు ఆ కంపెనీ విలువ రెండొందల కోట్ల డాలర్ల పైమాటే. ఆ విలువ ఎంతైందో వారం వారం చూసుకుంటాడంట! జబ్బు రాకముందు ఎన్ని ఏళ్లుగా ఆ కడుపుమంట లోపల పెట్టుకుని క్లాసులో పాఠం చెప్పాడో చూడు. నేను చేస్తున్నది డబ్బు వ్యాపారం కాదు, సామ్రాజ్యం కడుతున్నా అంటాడు. ఆ సీన్ నాకు జేన్ చావుకన్నా భయంగా అనిపించింది. జేన్ దగ్గర చేయి ముందుకు చాపి, ఆగి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఇక్కడ ఏడుపు కూడా లేదు.

మరి ఇంత తెలిసీ మనం అతని వైపే ఎందుకుంటాం? మీ ఆయన ఒక్కడే కాదు, ప్రపంచం సగం అట్లే ఉంది. సీరియల్ సృష్టికర్త విన్స్ గిలిగన్ ఆలోచనే అది. మంచి మాస్టారిని పట్టుకుని మెల్లమెల్లగా విలన్‌ను చేసి, చూసేవాళ్లు ఏ మలుపులో చేయి వదులుతారో చూడటం. దానికి వాళ్లు వాడిన పనితనం గమనించు. కెమెరా ఎప్పుడూ వాల్టర్‌తోనే ఉంటుంది. పోలీసులు తలుపు కొట్టే ముందు అతను చెమటలు పట్టి నిలబడితే మనకూ చెమట పడుతుంది. ఎదురుగా నిలబెట్టేవాళ్లను అతనికన్నా ఒక మెట్టు పైన దుర్మార్గులను పెడతారు. మొదట పిచ్చిపట్టినట్టుండే టుకో, తర్వాత నవ్వుతూ గొంతులు కోసే గస్, చివర్లో హిట్లర్‌ను కొలిచే ముఠా. వాళ్ల పక్కన నిలబడితే ఎవడైనా మాస్టారే. దానికితోడు బ్రయాన్ క్రాన్‌స్టన్ నటన, నాలుగుసార్లు ఎమ్మీ (అమెరికా టీవీవాళ్లకిచ్చే పెద్ద అవార్డు) వచ్చింది ఆ పాత్రకు. మన ఫ్యాక్షన్ సినిమాల్లో హీరో వంద మందిని నరికితే మనం లెక్కపెట్టం కదా, అవతలివాడు బడి దగ్గర బాంబు వేసినవాడని ముందే చూపించి ఉంటారు. (సినిమావాళ్ల పుణ్యమా అని కడప అనగానే హైదరాబాదులో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు కూడా ఒక చూపు చూస్తారు, ఆ బాధ ఇంకోసారి రాస్తా.)

కాబట్టి వాల్టర్ అంటే ఇష్టమని మీ ఆయన చెప్తే అది తప్పు కాదు. పాత్ర మీద ఇష్టం మనిషికి క్యారెక్టర్ సర్టిఫికెట్ కాదు. నాకూ వాల్టర్‌ను చూడటం ఇష్టమే.

స్కైలర్ విషయంలో మాత్రం నేను మీ ఆయనతో గట్టిగా పోట్లాడతాను.

ఆమె ఏం చేసింది? మొగుడు రాత్రిళ్లు ఎక్కడికి పోతున్నాడని అడిగింది. రెండో ఫోన్ ఎందుకుందని అడిగింది. నిజం తెలిశాక విడాకులు కావాలంది, పిల్లల్ని దూరంగా ఉంచాలని చూసింది. కుదరక, చివరికి తనూ ఆ బురదలో దిగి కార్లు కడిగే వ్యాపారం కొని దొంగ డబ్బును తెల్లగా చేసింది. ఆఫీసు యజమానితో సంబంధం పెట్టుకుంది, వాళ్ల దొంగ లెక్కలకు సాయం చేసింది. ఒక దశలో జెస్సీని చంపెయ్యమని కూడా అంది. దేవత కాదు. అయినా చూసేవాళ్లకు ఆమె మీద వచ్చినంత కోపం, చిన్నపిల్లాడికి విషం పెట్టించిన వాల్టర్ మీద రాలేదు. ఆ ద్వేషం ఎంతదాకా పోయిందంటే, స్కైలర్‌గా చేసిన అన్నా గన్ 2013లో న్యూయార్క్ టైమ్స్‌లో దాని గురించే ఒక వ్యాసం రాయాల్సి వచ్చింది. పాత్ర మీద మొదలైన తిట్లు తన మీదికి మళ్లాయని బాధపడింది. ఆ ఏడాది, తర్వాతి ఏడాది అదే పాత్రకు ఆమెకు ఎమ్మీ వచ్చింది, అది వేరే సంగతి.

కోపానికి కారణం ఒకటే. మనకు వాల్టర్ ఆట చూడాలని ఉంది, ఆమె మధ్యలో వచ్చి ఆపమంటోంది. సరదా చెడగొట్టే మనిషి మీద ఎవరికైనా చిరాకే. కానీ ఆమె చోట నిలబడి కథ మళ్లీ చెప్పుకో. నెలలు నిండుతున్నాయి, మొగుడికి క్యాన్సర్, ఏదడిగినా అబద్ధం. మూడో సీజన్‌లో గస్ వచ్చి వాల్టర్‌కు ఉపదేశం చేస్తాడు గుర్తుందా? మెచ్చుకోకపోయినా, ప్రేమించకపోయినా సరే, మగవాడనేవాడు ఇంటికి సంపాదించి పెడతాడు అని. ఎంత బాగుంది మాట! చెప్పింది ఎవడు? తనకు మందు వండిపెట్టే మనిషి కావాల్సిన వ్యాపారి. మన సీమలో కక్షలు నడిచిన ఇళ్ల ఆడవాళ్లను అడిగితే ఈ మాట వాళ్లు కొత్తగా విన్నట్టు ఉండరు. మగవాళ్లందరూ ‘ఇంటి కోసం, వంశం కోసం’ అనే బయటికి పోయారు. ఇంట్లో ఆడమనిషిని ఎవరూ అడగలేదు నీకేం కావాలని. అడిగి ఉంటే ఏం చెప్పేదో అందరికీ తెలుసు, అందుకే అడగలేదు.

ఇక చివరి ఎపిసోడ్. వాదన తెగ్గొట్టడానికి నీ దగ్గర ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. స్కైలర్‌ను చివరిసారి చూడటానికి వస్తాడు వాల్టర్. మళ్లీ కుటుంబం కోసమే చేశానంటావేమో, నేను వినలేను అంటుంది ఆమె. అప్పుడు ఒప్పుకుంటాడు, నా కోసమే చేశాను, అది నాకు నచ్చింది, అందులో నేను ఆరితేరాను అని. వాల్టరే మానేసిన వాదనను మీ ఆయన ఇంకా మోస్తున్నాడు. ఆ ఎపిసోడ్‌లోనే ఇంకొకటి ఉంది, చాలామంది దాటేస్తారు. మిగిలిన తొంభై ఏడు లక్షల చిల్లర డాలర్లు కొడుక్కి ఎట్లా చేర్చాలో తెలియక, ఎలియట్, గ్రెచెన్‌ల ఇంటికే పోయి, వాళ్లను బెదిరించి, మీ పేరు మీద ఇవ్వండని అక్కడ పెట్టి వస్తాడు. ఐదో ఎపిసోడ్‌లో వద్దని తోసేసిన చేతులే అవి. మధ్యలో పోయిన ప్రాణాలన్నీ ఒక్కసారి లెక్కేసుకో.

చివర్లో మంచి పనులు చేశాడు కదా అంటే, చేశాడు. పోలీసులు వింటున్నారని తెలిసి ఫోన్‌లో స్కైలర్‌ను తిట్టిపోసి, తప్పంతా తన మీద వేసుకుని ఆమెను కాపాడాడు. జెస్సీని చెర విడిపించి తను చచ్చాడు. ఆ ఫోన్ సీన్‌లో అతని కళ్లు చూస్తే గుండె పిండేస్తుంది. కర్ణుడికి అంగరాజ్యం ఇచ్చినందుకు ద్రౌపదిని సభకు ఈడ్చిన పాపం పోలేదు. ఈడ్చినందుకు ఆ స్నేహమూ అబద్ధమైపోలేదు. రెండూ ఒకే మనిషివి. అందుకే ఆ పాత్రలు మనల్ని రాత్రిళ్లు వాదించుకునేలా చేస్తాయి, కీచకుడు చేయలేడు.

ఇప్పుడు నగల మాట.

చెల్లీ, మీ ఆయన వాల్టర్ కాదు. చెల్లెలి పెళ్లికి బ్యాంకులో నగలు కుదువ పెట్టడం మన వైపు ఇళ్లల్లో రోజూ జరిగేదే. దాన్ని మత్తుమందుతో ముడిపెట్టి రాత్రిళ్లు భయపడకు. అయితే నువ్వు పట్టుకున్న పోలిక తప్పు కూడా కాదు. ‘నువ్వు టెన్షన్ పడతావని చెప్పలేదు’ అన్న మాట ఇద్దరిదీ ఒకటే. చెప్పి ఉంటే నువ్వు ఒప్పుకునేదానివేమో. నీకు కోపం అప్పు చేసినందుకు కాదనుకుంటా, అడగకుండా చేసినందుకు. ఆ సంగతి నువ్వు సూటిగా చెప్పకుండా స్కైలర్ చాటున చెప్తున్నావు, ఆయనేమో వాల్టర్ చాటున జవాబిస్తున్నాడు. నాకు మీ ఉత్తరంలో కనిపించింది ఇదే. అత్త నవ్వితే నవ్వనీ, అది సీరియల్ గొడవ కాదని ఆమెకూ తెలిసే ఉంటుంది. కూతురి పెళ్లి డబ్బు ఎక్కడిదో ఆమెకు తెలీదంటావా?

పుట్టింటివాళ్లు పెట్టిన నగలు నీ స్త్రీధనం. అవి భార్యవే, భర్తకు అందులో ఉమ్మడి హక్కు రాదని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది, 2024లో మళ్లీ చెప్పింది. కష్టం వస్తే భర్త వాడుకోవచ్చు, కానీ తిరిగి తెచ్చిచ్చే బాధ్యత అతనిదే అంది. కోర్టుకు పొమ్మని ఇది చెప్పడం లేదు. నీ అడుగుడులో న్యాయం ఉందని నీకు తెలియాలని చెప్తున్నా.

ఆదివారం ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు, పాపను వాళ్ల నానమ్మ దగ్గర కూర్చోబెట్టి, టీవీ కట్టేసి మాట్లాడు. వాల్టర్ పేరు ఎత్తకు. బ్యాంకు రశీదు చూపించమను. ఎంత తీసుకున్నాడు, వడ్డీ ఎంత, గడువు ఎప్పటికి, ఎన్ని గ్రాములు రాశారు, ఇవన్నీ నువ్వు కూడా ఒక నోట్‌బుక్‌లో రాసుకో. గడువు దాటితే నోటీసు ఇచ్చి వేలం వేస్తారు, అప్పుడు ఏడ్చి లాభం లేదు. నెలకు ఎంత కడితే ఎప్పటికి విడిపించుకోవచ్చో ఇద్దరూ కలిసి లెక్క కట్టండి. నువ్వు ట్యూషన్లు చెప్పగలిగితే అదీ అందులో కలుపు. ఇకమీదట ఇంత పైన అప్పు చేస్తే ముందు ఒకరికొకరు చెప్పుకోవాలని ఒక అంకె అనుకోండి. ఆయన చేసే అప్పులకే కాదు, నువ్వు మీ అమ్మవాళ్లకు ఇచ్చేదానికి కూడా అదే అంకె.

ఇంకొకటి, ఇది నగలకన్నా ముఖ్యమేమో. కాలేజీలో ఆయనకు ఎట్లా ఉందో అడుగు. జీతం నెలనెలా వస్తోందా, అక్కడ మర్యాదగా చూస్తున్నారా, డీఎస్సీకో జూనియర్ లెక్చరర్ పోస్టుకో రాయాలని ఉందా. వాల్టర్ ఇంట్లో ఈ మాటలు ఎవరూ సమయానికి అడగలేదు, అడిగినా అతను చెప్పేరకం కాదు. మీ ఆయన చెప్తాడేమో చూడు. ఒకసారి గమ్మునుంటే ఇంకోసారి అడుగు. చెప్పడం మొదలుపెడితే మాత్రం మధ్యలో నగల మాట తీసుకురాకు, దానికి వేరే రోజుంది.

ఇదంతా ఒక కొలిక్కి వచ్చాక, మళ్లీ రాత్రిళ్లు కలిసి ఏదైనా చూడాలనుకుంటే ‘బెటర్ కాల్ సాల్’ పెట్టుకోండి. మీరు చూసినదాంట్లో లాయరు సాల్ ఉన్నాడే, అతని పాత కథ, 2015లో మొదలైంది. అందులో కిమ్ అనే లాయరమ్మ ఉంటుంది. ఆమె విషయంలో ఎవరిది తప్పో మీ ఇద్దరూ తేల్చుకోలేకపోతే అప్పుడు మళ్లీ ఉత్తరం రాయి. ఈసారి మీ ఆయన్ని కూడా ఒక ముక్క రాయమను, ఆయన వాదన ఆయన నోటే వింటాను.